దాస్తే ముదురుతుంది

రమణమ్మ లాంటి వాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్ళు పైకి చెప్పుకోరు. అందుకే ఈ కథ చదవాలి.

రమణమ్మది రోడ్డు పక్క ఊరు. భర్త వెంకటేశు లారీ డ్రైవరు. లోడు వేసుకుని కలకత్తా దాకా పోతాడు. పోతే మూడు, నాలుగు వారాలకు గానీ ఇంటికి రాడు. రమణమ్మకు ఇప్పుడు నాలుగో నెల.

ఈసారి వెంకటేశు వచ్చి ఐదు రోజులైంది. సరిగా అన్నం తినడం లేదు. నిద్ర పోవడం లేదు. ఊరికే కసురుకుంటున్నాడు. రమణమ్మ కనిపెట్టింది.

"ఏమయ్యా, ఏం జరిగింది? నాకు చెప్పవా?" అని అడిగింది.

వెంకటేశు తల వంచుకున్నాడు.

"దారిలో ఒక రాత్రి తాగాను. ముఖం తెలియని మనిషి దగ్గరికి పోయాను. నిరోధ్ వాడలేదు. మూడు వారాలైంది. నాలుగు రోజులకే ఒంటికి పోతే మంట మొదలైంది. చీము కూడా కనిపించింది. మందుల షాపులో ఏవో బిళ్ళలు కొని మింగాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఎయిడ్స్ వచ్చిందేమోనని భయంగా ఉంది."

రమణమ్మ గుండె ఝల్లుమంది. వచ్చిన రాత్రే అతను తనతో ఉన్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఏడ్చింది. తిట్టింది. పుట్టింటికి పోదామనుకుంది. రాత్రంతా మేలుకునే ఉంది. తెల్లవారేసరికి కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"కోపం తర్వాత. ముందు బిడ్డ సంగతి చూడాలి" అనుకుంది.

వెంకటేశు పక్క ఊరి ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటానన్నాడు. రమణమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరూ నర్సమ్మ దగ్గరికి వెళ్ళారు. నర్సమ్మ తలుపు మూసింది. అంతా విన్నది. కసరలేదు. నవ్వలేదు.

"జిల్లా ఆసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉంటుంది. సుఖవ్యాధులకు అక్కడ ఉచితంగా చూస్తారు. ఇద్దరూ వెళ్ళండి" అన్నది.

"నాకే నొప్పీ లేదు గదమ్మా. నేనెందుకు?" అన్నది రమణమ్మ.

"అక్కా, సెగ రోగం మగవాళ్ళకు తొందరగా బయటపడుతుంది. ఆడవాళ్ళలో చాలామందికి బయటికి ఏమీ కనిపించదు. లోపల మాత్రం ముదురుతుంది. పొత్తికడుపులో నొప్పి వస్తుంది. పిల్లలు పుట్టకుండా పోవచ్చు. ఒక్కరికే మందు ఇస్తే లాభం లేదు. రెండోవాళ్ళ దగ్గర నుంచి మళ్ళీ అంటుకుంటుంది" అని చెప్పింది నర్సమ్మ.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ఇద్దరికీ మందులు ఇచ్చింది. కడుపుతో ఉన్నానని రమణమ్మ ముందే చెప్పింది. డాక్టరమ్మ ఆమెకు సరిపడే మందే ఇచ్చింది.

తర్వాత రక్త పరీక్ష. అక్కడి మనిషి కాగితం చూపించి, "వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు.

"ఉండయ్యా, చదవనీ" అన్నది రమణమ్మ. కూడబలుక్కుంటూ చదివింది. పరీక్షకు ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. సంతకం పెట్టింది.

ఫలితం వచ్చింది. ఇద్దరి రక్తంలోనూ హెచ్.ఐ.వి. కనిపించలేదు. సవాయి కూడా కనిపించలేదు. వెంకటేశు హమ్మయ్య అన్నాడు.

"అప్పుడే కాదు. క్రిమి ఒంట్లో చేరినా మొదటి వారాల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. మూడు నెలలు నిండాక మళ్ళీ రావాలి. రమణమ్మకు లెక్క మీరిద్దరూ కలిసిన రోజు నుంచి. మందు పూర్తయ్యాక ఇంకో వారం దాకా కలవకండి. ఆ తర్వాత కూడా, మళ్ళీ పరీక్ష అయ్యేదాకా నిరోధ్ లేకుండా కలవొద్దు" అన్నది డాక్టరమ్మ.

ఇద్దరి తేదీలు చీటీ మీద రాసి ఇచ్చింది. ఇంటికి రాగానే రమణమ్మ ఆ తేదీలు గోడ మీద సుద్దముక్కతో రాసింది.

రమణమ్మ కోపం పోయిందా? పూర్తిగా పోలేదు. వెంకటేశు మాత్రం పొద్దున్నే లేచి ఆ తేదీలు చూస్తున్నాడు.

తెలుసుకుందాం

1. సుఖవ్యాధులు ముఖ్యంగా కలయిక వల్ల వస్తాయి. కలిసి తింటే రావు. చెయ్యి పట్టుకుంటే రావు. దోమ కుడితే హెచ్.ఐ.వి. రాదు.

2. సెగ, సవాయి సరైన మందుతో నయమవుతాయి. సవాయి పుండు నొప్పి లేకుండా వస్తుంది. దానంతట అదే మానుతుంది. కానీ రోగం రక్తంలోనే ఉంటుంది.

3. తెల్లబట్ట అయినంత మాత్రాన సుఖవ్యాధి అనుకోకూడదు. దానికి వేరే కారణాలూ ఉంటాయి. వాసన, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే చూపించుకోవాలి.

4. మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట 1986లో చెన్నైలో కనుగొన్నారు. అప్పుడు మందు లేదు. 2004 నుంచి ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఇవి రోగాన్ని పూర్తిగా పోగొట్టవు. కానీ రోజూ వేసుకుంటే మనిషి పనిపాటలు చేసుకుంటూ చాలా ఏళ్ళు బతుకుతాడు.

5. ప్రమాదం జరిగిందని భయముంటే ఆలస్యం చెయ్యకూడదు. 72 గంటల లోపు ఆసుపత్రికి వెళ్ళాలి. అవసరమనుకుంటే డాక్టరు హెచ్.ఐ.వి. రాకుండా 28 రోజుల మందు ఇస్తారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

6. గర్భిణికి సవాయి, హెచ్.ఐ.వి. పరీక్షలు తప్పనిసరిగా చేయించాలి. ముందే తెలిస్తే మందులతో బిడ్డను కాపాడుకోవచ్చు.

7. అడగకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చెయ్యకూడదు. ఫలితం ఊరంతా చాటకూడదు. 2017లో ఇందుకు చట్టం చేశారు.

8. 1097కు ఫోను చేయండి. డబ్బు పడదు. పేరు చెప్పనక్కర లేదు. అనుమానాలు అడగవచ్చు.

మాట్లాడుకుందాం

వెంకటేశు నిజం చెప్పకపోతే రమణమ్మకు, బిడ్డకు ఏమయ్యేది?

నొప్పి లేకపోయినా రమణమ్మ ఎందుకు పరీక్ష చేయించుకుంది?

నిరోధ్ వాడమని ఆడవాళ్ళు ఇంట్లో అడగగలుగుతున్నారా? అడగాలంటే ఏం చెయ్యాలి?

చదవండి, రాయండి

రక్తం, పరీక్ష, ఉచితం, సంతకం, ధైర్యం.

రోగం సిగ్గుపడేది కాదు. దాస్తే ముదురుతుంది. చూపించుకుంటే దారి దొరుకుతుంది.