ఉన్నత పాఠశాల విద్యార్థుల ఆంగ్ల శ్రవణ, పఠన శక్తులు – పరీక్షించు విధానం

భాష నేర్చుకొనుటలో వినుట, మాట్లాడుట, చదువుట, వ్రాయుట అను నాలుగు మెట్లు ఉన్నవి. శిశువు తల్లిభాషను ఈ క్రమంలోనే గ్రహిస్తున్నాడు. ఆంగ్లం విషయంలో మాత్రం మన ఉన్నత పాఠశాలలలో ఈ క్రమం తలక్రిందులుగా నడుస్తున్నది. అక్కడ వ్రాయుటకే అగ్రస్థానం. పరీక్షకు కావలసినదీ అదే. వినుట అనునది ఎవరి లెక్కలోనూ లేదు.

ఇందువలన కలుగు నష్టం కళాశాలలో బయటపడుతున్నది. పదవ తరగతిలో ఆంగ్లంలో మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, అధ్యాపకుడు ఆంగ్లంలో పది నిమిషాలు మాట్లాడగానే కలం ప్రక్కన పెట్టి కిటికీ వైపు చూస్తాడు. ప్రశ్న వేస్తే లేచి తల వంచుకొని నిలబడతాడు. ఇతడు మందబుద్ధి అని మనం తీర్మానిస్తాము. కొంతకాలానికి అతడూ అట్లే నమ్ముతాడు. నిజానికి లోపం బుద్ధిలో లేదు. అలవాటు లేని చెవిలో ఉన్నది. ఆ చెవిని అంతవరకు ఎవరూ పరీక్షించలేదు. ఇటువంటి విద్యార్థిని ప్రతి అధ్యాపకుడూ ఎరుగును. అతని కొరకే ఈ వ్యాసం.

మన ప్రాంతపు భాషా పరిస్థితి

కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనివి. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాల భూభాగంలో అనేక కొత్త జిల్లాలు ఏర్పడినవి. సౌకర్యం కొరకు ఇక్కడ పాత పేర్లనే వాడుతున్నాము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనా భాషగా ఉండగా ఆంగ్లం తప్పనిసరి పాఠ్యవిషయంగా ఉండేది. తరువాతి కాలంలో మన పాఠశాలలలో తెలుగు మాధ్యమం, ఉర్దూ మాధ్యమం ప్రక్కప్రక్కనే సాగినవి. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ‘సక్సెస్’ పథకం క్రింద ఉన్నత పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమ తరగతులను ప్రారంభించినది. 2022–23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించినది. మాధ్యమం మారినంత మాత్రాన చెవి మారదు. కావున పరీక్ష యొక్క అవసరం తగ్గలేదు సరికదా, పెరిగినది.

ఆదిలాబాదు అడవి గ్రామాలలో సమస్య మరింత జటిలం. అక్కడి గోండు బాలునికి ఇంట గోండీ, బడిలో తెలుగు, అంగడిలో మరాఠీయో ఉర్దూయో, ఆ తరువాత ఆంగ్లం. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940వ దశకంలో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకొన్నప్పుడు, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలను సిద్ధం చేయించినాడు. బాలునికి తెలిసిన మాటతో చదువు మొదలుపెట్టవలెనన్నదే అందలి సూత్రం. ఈ సూత్రాన్ని మనం ఆంగ్ల పరీక్షకు కూడా వర్తింపజేయవచ్చును.

ఇప్పటి పరీక్ష ఏమి కొలుస్తున్నది?

పదవ తరగతి పబ్లిక్ పరీక్ష వ్రాత పరీక్ష. అందులో వినికిడికి స్థానం లేదు. పఠనానికి స్థానం ఉన్నను, పాఠ్యపుస్తకంలోని ఖండికనే ఇచ్చి ప్రశ్నలు వేసినప్పుడు గైడులోని జవాబులను వల్లించిన విద్యార్థి ఆ ఖండికను చదువకుండానే జవాబు వ్రాయగలడు. అప్పుడు కొలిచినది జ్ఞాపకశక్తి, పఠనశక్తి కాదు. పాఠ్యపుస్తకాలలో శ్రవణాభ్యాసాలు లేకపోలేదు. అయితే పబ్లిక్ పరీక్షలో రాని దానిని తరగతిలో దాటివేయుట సామాన్యమైన విషయం. పరీక్ష ఎటు పోతే బోధన అటు పోవును.

మరొక దోషం కూడా ఉన్నది. విన్నదానిని ఆంగ్లంలో వ్రాసి చూపమన్నప్పుడు, విని అర్థం చేసుకొన్నవాడు కూడా వ్రాయలేక సున్న తెచ్చుకొంటాడు. ఒక శక్తిని కొలువబోయి మరొక శక్తిని కొలిచితిమి. శ్రవణ పరీక్షలో వ్రాత అడ్డు రాకూడదు. పఠన పరీక్షలో ఉచ్చారణ అడ్డు రాకూడదు. ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్య విషయం ఇదియే.

తెలుగు చెవి, ఉర్దూ చెవి

పరీక్షకు ముందు ఉపాధ్యాయుడు విద్యార్థుల చెవులను తెలుసుకొనవలెను. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగియును. బస్ మనకు బస్సు అయినది. బుక్ బుక్కు అయినది. అచ్చు కొరకు ఎదురుచూచు చెవికి ఆంగ్ల పదాంతంలోని హల్లు జారిపోవును. ‘వాక్’ అనునది వర్తమానం, ‘వాక్ట్’ అని వినిపించునది భూతకాలం. చివరి చిన్న ధ్వని వినబడకపోతే నిన్న జరిగినది నేడు జరుగుచున్నట్లు తోచును. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థికి పదాంత హల్లు కష్టం కాదు. అతనికి పదాదిలోని జంట హల్లు కష్టం. అందువలననే స్కూల్ ఇస్కూల్ అగును, స్టేషన్ ఇస్టేషన్ అగును.

ఇరువురికీ సామాన్యమైన కష్టం కూడా ఒకటి ఉన్నది. పడమర దిక్కును తెలుపు ‘వెస్ట్’, లోపలి బనియనును తెలుపు ‘వెస్ట్’ ఆంగ్లంలో వేరువేరు ధ్వనులతో మొదలగును. తెలుగు లిపిలో ఈ రెండింటినీ ఒకే విధంగా వ్రాయవలసి వచ్చుటే మన కష్టానికి సాక్ష్యం. అయితే ‘సూర్యుడు ఆ దిక్కున అస్తమించును’ అన్న వాక్యంలో వింటే ఎవరూ పొరబడరు. కావున విడిమాటలను మాత్రమే వినిపించి తప్పులు లెక్కించుట న్యాయం కాదు. వాక్యంలో వినిపించి అర్థం అడుగవలెను.

చదువులోనూ ఇట్టి భేదమే. తెలుగు లిపిలో వ్రాసినది వ్రాసినట్లు చదువుతాము. ఆంగ్లంలో ఓ, యు, జి, హెచ్ అను నాలుగు అక్షరాలు ఒక మాటలో ‘థ్రూ’ అనియు, మరొక మాటలో ‘కాఫ్’ అనియు, వేరొక మాటలో ‘రఫ్’ అనియు పలుకును. తెలుగు విద్యార్థి దీనికి తడబడును. ఉర్దూ వ్రాతలో హ్రస్వ స్వరాలను సాధారణంగా గుర్తింపరు. చదువరి సందర్భాన్నిబట్టి ఊహించుకొనును. కుడినుండి ఎడమకు నడచిన కన్ను ఎడమనుండి కుడికి మరలవలసిన శ్రమ ఉన్నను, సందర్భాన్నిబట్టి పదాన్ని పట్టుకొను నేర్పు ఉర్దూ విద్యార్థికి ముందే ఉన్నది. ఇది లోపం కాదు, పెట్టుబడి.

శ్రవణ పరీక్ష

దీనికి యంత్రాలు అవసరం లేదు. ఉపాధ్యాయుని గొంతు, ఒక చీటీ, ఒక పెన్సిలు చాలును. ఎనిమిది లేక పది చిన్న వాక్యాల ఖండికను ఆంగ్లంలో సిద్ధం చేసుకొనవలెను. మొదటిసారి చదువునప్పుడు విద్యార్థులు పెన్సిలు ముట్టరాదు. తరువాత ప్రశ్నల చీటీ పంచవలెను. రెండవసారి చదువునప్పుడు జవాబులు గుర్తించవలెను. ప్రశ్నలు తెలుగులోను ఉర్దూలోను ఉండవచ్చును. జవాబులు టిక్కు గుర్తుగానో, అంకెగానో, బొమ్మపై గీతగానో ఉండవలెను.

విషయ నిర్ణయంలో జాగ్రత్త అవసరం. లండను భూగర్భ రైలును గురించి చదివితే మన విద్యార్థికి వినికిడితోపాటు లోకజ్ఞానం కూడా పరీక్షకు వచ్చును. అందుకని నిర్మల్ బొమ్మలను గురించి ఖండిక వ్రాసి, ‘ఈ బొమ్మలను ఏ కర్రతో చేయుదురు?’ అని అడిగినచో, నిర్మల్ బాలుడు వినకుండానే పొనికి కర్ర అని గుర్తించును. ఇదియు పరీక్ష కాదు. విషయం పరిచితంగా ఉండవలెను. జవాబు మాత్రం ఖండికలోనే దొరకవలెను. ఉదాహరణకు, ఒక బొమ్మల పనివాడు మంగళవారం అడవికి బయలుదేరినాడు. వాన వలన ఒక రాత్రి దారిలో నిలిచిపోయినాడు. ఏడు దుంగలు కొన్నాడు, రెండు తడిసి పనికిరాకుండా పోయినవి. గురువారం ఇల్లు చేరినాడు. ఇప్పుడు ప్రశ్నలు: ఏ దినం బయలుదేరినాడు? ఎందుకు ఆలస్యమైనది? పనికివచ్చిన దుంగలు ఎన్ని? మొదటి ప్రశ్న విన్నదానిని పట్టుకొన్నాడా అని తెలుపును. రెండవది కారణాన్ని అందుకొన్నాడా అని తెలుపును. ఖండికలో ‘ఐదు’ అన్న మాట లేదు కనుక మూడవది విన్నదానిపై ఆలోచించినాడా అని తెలుపును.

వాన రేకుల కప్పుపై పడుచున్నప్పుడు, ప్రక్క తరగతి గోల చేయుచున్నప్పుడు ఈ పరీక్ష పెట్టరాదు. ఒకే ఉపాధ్యాయుని గొంతుకు విద్యార్థులు అలవాటుపడి ఉందురు కనుక రెండవ పరీక్షను వేరొకరు చదువుట మంచిది. నేడు చేతి ఫోనులోనే గొంతు ముద్రించు సౌకర్యం ఉన్నది. వెనుక బల్లపై కూర్చున్నప్పుడు తప్పి, ముందు బల్లపై కూర్చున్నప్పుడు నెగ్గిన విద్యార్థిని వైద్యునికి చూపించవలెను. అతనిది భాషాసమస్య కాకపోవచ్చును.

పఠన పరీక్ష

బిగ్గరగా చదువుట వేరు, చదివి గ్రహించుట వేరు. గడగడ చదివి, చదివినదేమని అడిగితే మౌనం వహించు విద్యార్థులు ఉన్నారు. కావున పఠన పరీక్ష మౌనంగా జరుగవలెను. పాఠ్యపుస్తకంలో లేని రెండువందల మాటల ఖండికను ఇచ్చి కాలపరిమితి విధించవలెను. ప్రశ్నలు మూడు విధాలు: ఖండికలో నేరుగా ఉన్నది, రెండు వాక్యాలను కలిపి గ్రహించవలసినది, తెలియని మాటకు సందర్భాన్నిబట్టి ఊహించవలసిన అర్థం. మందు సీసాపై సూచనలు, బ్యాంకు ఫారం, రైళ్ళ వేళల పట్టిక మొదలగునవి ఉత్తమమైన పఠన సామగ్రి. జీవితంలో విద్యార్థికి ఎదురగునవి అవియే.

మరొక సులభమైన పద్ధతి ఉన్నది. 1953లో విల్సన్ టేలర్ అను అమెరికా పండితుడు దీనిని క్లోజ్ పద్ధతి అని పేర్కొన్నాడు. ఖండికలో మొదటి వాక్యాన్ని యథాతథంగా ఉంచి, అటుపై ప్రతి ఏడవ మాటను తీసివేసి ఖాళీ విడువవలెను. విద్యార్థి ఆ ఖాళీలను పూరించవలెను. అర్థం తెలియనివాడు పూరింపలేడు. బట్టీ పట్టుటకు వీలులేదు. అర్థం పొసగు మాట ఏది వ్రాసినను మార్కు ఇవ్వవచ్చును. అక్షరదోషానికి కోత విధించరాదు.

ఫలితాలను చదువు విధం

రెండు పరీక్షల మార్కులను కలుపరాదు. ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. కలిపినచో నిజం మరుగుపడును. అప్పుడు విద్యార్థులు నాలుగు విధాలుగా కనిపింతురు.

రెండింటిలోను బాగున్నవారికి ప్రత్యేక సహాయం అవసరం లేదు. చదువు బాగుండి వినికిడి తక్కువైనవారు పుస్తకంతో మాత్రమే ఆంగ్లం నేర్చినవారు. ముందు చదివిన పాఠాన్నే వారికి తిరిగి వినిపించవలెను. కంటికి తెలిసినది మెల్లగా చెవికి తెలియును. వినికిడి బాగుండి చదువు తక్కువైనవారు టెలివిజన్ వలననో, ఇంటివారి మాటల వలననో ఆంగ్లం విన్నవారు. వీరికి అక్షరక్రమం, మౌన పఠనం అభ్యాసం చేయించవలెను.

రెండింటిలోను తక్కువైనవారిని గురించి తొందరపడి తీర్పు చెప్పరాదు. అటువంటి ఖండికనే తెలుగులోనో ఉర్దూలోనో ఇచ్చి చూడవలెను. అక్కడ నెగ్గినచో కావలసినది ఆంగ్ల పదజాలం. అక్కడ కూడా తప్పినచో లోపం ఆంగ్లంలో లేదు. చదివి గ్రహించు అలవాటే ఏర్పడలేదన్నమాట. అట్టివానికి మరొక ఆంగ్ల గైడు కొనియిచ్చినందువలన ప్రయోజనం లేదు. మాతృభాషలో చదివించుటయే మొదటి చికిత్స.

విదేశ విద్యకు పోవు వారు వ్రాయు ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో శ్రవణానికి నలుబది ప్రశ్నలు, పఠనానికి నలుబది ప్రశ్నలు వేరువేరుగా ఉండును. అందులో ముద్రిత ప్రసంగాన్ని ఒక్కసారి మాత్రమే వినిపింతురు. మనం రెండుసార్లు వినిపించుటతో మొదలుపెట్టి క్రమంగా ఒక్కసారికి తీసుకురావచ్చును.

ముగింపు

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. ప్రథమ సంవత్సరంలో చేరిన విద్యార్థులకు మొదటి వారంలోనే ఈ రెండు పరీక్షలు జరిపించవలెను. ఇవి ప్రవేశాన్ని నిరోధించుటకు కాదు. ఎవరికి ఏ సహాయం కావలెనో తెలుసుకొనుటకు మాత్రమే. మార్కులను గోడపై అంటించరాదు. మూడు మాసాల తరువాత మరల పరీక్షించి, ఎవరు ఎంత ముందుకు సాగినారో ఎవరికివారికే తెలియజేయవలెను.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. తెలుగు విద్యార్థి చదువగా ఉర్దూ విద్యార్థి వినవచ్చును. ఉర్దూ విద్యార్థి చదువగా తెలుగు విద్యార్థి వినవచ్చును. ఒకరికి జారిపోవు ధ్వని మరొకరికి పట్టుబడును. రెండు భాషలు ఒకే బల్లపై కూర్చున్న మన కళాశాలకు ఇది సులభమైన పని. పాఠం అర్థం కానప్పుడు ‘నాకు బుద్ధి లేదు’ అని తల వంచుకొనకుడు. ‘నాకు చెవి ఇంకా అలవడలేదు’ అని ధైర్యంగా చెప్పి, అలవరచుకొనుడు.