ఊరికొక ఆటస్థలము

పంచాయతీ సమావేశములలో రోడ్డు, మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపములు చర్చకు వచ్చినంతగా ఆటస్థలము చర్చకు రాదు. వచ్చినను అది చర్చాంశముల పట్టికలో అడుగున నుండును. అప్పటికి సభ్యులు కండువాలు సవరించుకొని లేచుటకు సిద్ధముగా నుందురు. "మా చిన్నతనమున ఏ మైదానము కలదు? మేము ఆడుకొనలేదా?" అని పెద్దలు ప్రశ్నించుటయు కలదు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము చెప్పిన పిమ్మటనే తక్కిన విషయములు ముచ్చటింపవలసి యున్నది.

పూర్వము గ్రామములో ఆటకు ప్రత్యేకముగా స్థలము కేటాయింపనక్కర లేకపోయినది. కుప్పనూర్పులు ముగిసినంతనే కళ్ళము పిల్లలదయ్యెడిది. పేడతో అలికి, ఎడ్లచే త్రొక్కించి, రోకటి బండవలె గట్టిపడిన ఆ నేలపై చెడుగుడు కూత మారుమ్రోగెడిది. ఉదయము పశువులు మేతకు తరలిన తరువాత మందబయలు ఖాళీగా నుండెడిది. అక్కడ కర్రాబిళ్ళ ఆడువారు ఆడిరి. తెలంగాణ ప్రాంతమున దీనినే చిర్రగోనె యందురు. వేసవిలో ఎండిన ఏటి యిసుక కుస్తీలకు, వెన్నెల రాత్రులలో వీధి నడుమ దాగుడుమూతలకు చోటు దొరకెడిది. ఆడపిల్లలకు తొక్కుడు బిళ్ళ ఆడుకొనుటకు వాకిలియే చాలెడిది. ఇవి యన్నియు వ్యవసాయము వలన, పశుపోషణ వలన వాటంతట అవి ఏర్పడిన స్థలములే కాని, ఎవరో ఆలోచించి ఏర్పరచినవి కావు.

ఇప్పుడా పరిస్థితి లేదు. వరికోత యంత్రము పొలములోనే కోసి, నూర్చి, ధాన్యమును ట్రాక్టరు తొట్టిలో పోయుచున్నది. కళ్ళముతో పని లేదు. దుక్కికి ట్రాక్టరు వచ్చినది; ఎడ్లు తగ్గినవి; మందబయలులో నిలుచు పశువులు తగ్గినవి. పశువులు నిలువని మందబయలు ఎవరిదియు కాదన్నట్లు కనబడును. మొదట ఒక గడ్డివామి వెలయును, తరువాత ఒక దడి, ఆ తరువాత ఒక ప్రహరీ. ఏటి యిసుక లారీలకెక్కినది. మిగిలిన గోతులు వానకాలములో పిల్లల ప్రాణములకు అపాయకరములు. వీధిలో ఆటోలు, మోటారు సైకిళ్ళు తిరుగుచుండగా దాగుడుమూతలు ఆడుమని ఏ తల్లి పంపును? మన చిన్నతనమున మనకు ఉచితముగా లభించిన దానిని, నేటి పిల్లలకు పంచాయతీ బుద్ధిపూర్వకముగా సమకూర్చవలసి వచ్చినది. తేడా ఇంతే.

ప్రభుత్వములు ఈ విషయమున ఊరకున్నవని చెప్పుటకు వీలులేదు. 2008–09లో కేంద్ర ప్రభుత్వము పంచాయతీ యువ క్రీడా ఔర్ ఖేల్ అభియాన్ అను పథకమును ప్రారంభించినది. గ్రామ పంచాయతీకి ఒక లక్ష రూపాయల మూలధనము, ఆటలు నడుపుటకు 'క్రీడాశ్రీ' యను స్థానిక స్వచ్ఛంద కార్యకర్త అందులోని ముఖ్యాంశములు. 2014లో దాని స్థానమున రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్ వచ్చినది. దాని దృష్టి గ్రామము నుండి బ్లాకు స్థాయికి మరలినది. 2016–17లో అదియు 'ఖేలో ఇండియా'లో కలిసిపోయినది. తెలంగాణ ప్రభుత్వము 2022 జూన్ 2న గ్రామ క్రీడా ప్రాంగణముల కార్యక్రమమును ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 26 నుండి 2024 ఫిబ్రవరి వరకు 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు గ్రామ సచివాలయ స్థాయి నుండి రాష్ట్ర స్థాయి వరకు జరిగినవి.

పదునారు సంవత్సరములలోపలనే ఇన్ని పేర్లు! మేము ఈ పట్టిక నిచ్చుట ఏ పథకమును తక్కువ చేయుటకు కాదు. పథకములు వచ్చును, పోవును, పేర్లు మార్చుకొనును. పోటీలు ముగిసినంతనే బంతులు, వలలు గదిలో చేరును. అన్ని మార్పుల నడుమ నిలిచియుండునది స్థలము ఒక్కటియే. స్థలము చేతిలో నున్న పంచాయతీ ఏ పథకము వచ్చినను దానిని వినియోగించుకొనగలదు. స్థలము లేని పంచాయతీ ప్రతి పథకమునకును "స్థలము లభ్యము కాలేదు" అని వ్రాసి పంపవలసినదే.

రాజ్యాంగములోని ఒక చిత్రమును ఇచ్చట చెప్పక తప్పదు. 73వ సవరణ వలన 1993లో అమలులోనికి వచ్చిన పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు 29 విషయములను పేర్కొన్నది. వానిలో గ్రంథాలయములు కలవు, సాంస్కృతిక కార్యక్రమములు కలవు, సంతలు కలవు. ఆటస్థలము అను మాట మాత్రము లేదు. అదే సమయమున పురపాలక సంఘములకై చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో ఉద్యానవనములు, ఆటస్థలములు 12వ అంశముగా స్పష్టముగా కనబడును. పల్లెకు మైదానము ఎట్లును ఉండునని తలచిరేమో! అంతమాత్రమున పంచాయతీకి అధికారము లేదని అనుకొనరాదు. సామాజిక ఆస్తుల పోషణ 29వ అంశము. ఆటస్థలము సామాజిక ఆస్తియే.

ఇక స్థలము సంగతి. పంచాయతీ సభ్యులు మొదట చూడవలసినది మైదానమును కాదు, రికార్డును. అడంగల్ లేక పహాణీలోను, గ్రామ పటములోను మందబయలు, బంచరాయి, గ్రామకంఠము మున్నగు పేర్లతో నున్న సర్వే నెంబర్లన్నిటిని వ్రాయించుకొనవలెను. ఒక్కొక్క నెంబరు విస్తీర్ణము కాగితముపై ఎంత, నేలపై ఎంత అని పోల్చి చూచినప్పుడు అసలు విషయము బయటపడును. చెరువు శిఖమును, వాగు పోరంబోకును ఆటస్థలమునకు ఎంచుకొనరాదు. అవి నీటికి చెందినవి. తక్కిన పోరంబోకులను క్రొత్త ప్రయోజనమునకు మార్చుటకు రెవిన్యూ అధికారుల ఉత్తర్వు అవసరము. కనుక గ్రామసభ తీర్మానము, తహసీలుదారునకు దరఖాస్తు, సర్వేయరుచే కొలత, హద్దురాళ్ళు, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో నమోదు, ఇవి యన్నియు జరుగవలెను. వీనిలో ఏది తప్పినను పది సంవత్సరముల తరువాత ఆ స్థలము వివాదములో పడును. బోర్డు పాతుటతో పని ముగిసినదని తలచువారు పెక్కుమంది కలరు. బోర్డు గాలికి పడును. రిజిస్టరులోని పద్దు పడదు.

ఆక్రమణల విషయమున 2011 జనవరి 28న సుప్రీం కోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రతి సభ్యుడును ఎరిగియుండదగినది. పంజాబులోని పటియాలా జిల్లాకు చెందిన ఒక గ్రామములో ఊరుమ్మడి చెరువును పూడ్చి ఇండ్లు కట్టుకొన్న వారు క్రమబద్ధీకరణ కోరగా న్యాయస్థానము అంగీకరింపలేదు. గ్రామ ఉమ్మడి భూములలోని అక్రమ ఆక్రమణలను తొలగించి, వానిని తిరిగి గ్రామస్థుల ఉమ్మడి వినియోగమునకు అప్పగించుటకై పథకములు తయారుచేయవలసినదిగా అన్ని రాష్ట్రములను ఆదేశించినది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ప్రభుత్వము ఇచ్చిన కౌలు వంటివానిని, బడి లేక వైద్యశాల ఉన్న సందర్భములను మినహాయింపులుగా పేర్కొన్నది. పేదవాని గుడిసెను తీసివేసి వాలీబాల్ కోర్టు వేయుడని మేము చెప్పుట లేదని ఇందువలన గ్రహింపవచ్చును. ఎనిమిది ఎకరములు గల ఆసామి తన దడిని మందబయలులోనికి జరుపుకొన్నచో, అది వేరు సంగతి.

ఎంత స్థలము కావలెను? చాలమంది పట్టణములోని స్టేడియమును మనసులో నుంచుకొని అయిదెకరములు కావలెనని నిరాశ పడుదురు. లెక్క వేసి చూతము. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టును మూడేసి మీటర్లు విడిచినచో 360 చదరపు మీటర్లు. పురుషుల కబడ్డీ బరి 13 మీటర్లకు 10 మీటర్లు. చుట్టును నాలుగేసి మీటర్లు విడిచినచో 378. ఖోఖో బరి 27 మీటర్లకు 16 మీటర్లు. మూడేసి మీటర్లు విడిచినచో 726. మూడును కలిపి 1,464 చదరపు మీటర్లు, అనగా సుమారు 36 సెంట్లు. తెలంగాణ లెక్కలో పదునాలుగున్నర గుంటలు. అర ఎకరము దొరకినచో మూడు కోర్టులు పోను అంచున చెట్లకు, పసిపిల్లలకు, ముసలివారు కూర్చుండుటకు కూడ చోటు మిగులును. కోర్టుల పొడవు ఉత్తర దక్షిణములుగా నుండునట్లు వేయవలెను. లేకున్నచో సాయంకాలపు ఎండ ఒక ప్రక్కవారి కన్నులలో పడును.

ఎంత స్థలము అనుదానికంటె ఎక్కడ అనునది ముఖ్యము. ఊరికి కిలోమీటరు దూరమున, శ్మశానము దాటిన తరువాత ఉన్న ఎకరముకంటె బడి ప్రక్కనున్న ముప్పది సెంట్లు మేలు. దూరపు స్థలమున కొన్నాళ్ళు యువకులు ఆడుదురు. పిమ్మట సర్కారు తుమ్మ మొలచును. ఆ పిమ్మట సీసాలు చేరును. ఆడపిల్లలు మాత్రము మొదటి దినము నుండియే అచ్చటికి పోరు. ఒక ఆటస్థలము బాగున్నదా లేదా అని తెలిసికొనుటకు మా దృష్టిలో ఒకటే కొలత: సాయంకాలము అయిదున్నర గంటలకు అచ్చట ఎందరు ఆడపిల్లలు కలరు? ఇండ్ల నడుమ నుండి పోవు దారి, ఒక దీపము, త్రాగునీరు, మరుగుదొడ్డి, వారికొరకై కేటాయించిన వేళ, ఇవి వ్యాయామపు కడ్డీలకంటె ముందు సమకూర్పవలసినవి.

వేరుగా స్థలము దొరకని ఊళ్ళలో బడి ఆవరణయే గతి. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన షెడ్యూలులో పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని చెప్పుచున్నది. బడి విడిచిన తరువాత దానిని తెరచియుంచుటకు ప్రధానోపాధ్యాయునితోను, బడి యాజమాన్య సంఘముతోను పంచాయతీ వ్రాతపూర్వకముగా ఒప్పందము చేసికొనవలెను. తాళపుచెవి ఎవరి వద్ద, కిటికీ అద్దము పగిలినచో ఖర్చు ఎవరిది అను రెండు మాటలు ముందే తేల్చుకొన్నచో సగము తగవులు పుట్టవు.

నేల విషయమున నల్లరేగడి ఊళ్ళవారు జాగ్రత్త వహింపవలెను. ఆ నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చును, వానలో కాలు పెట్టనీయదు. దానిపై మొరము పరచి, నీరు చల్లి, రోలరుతో అణచి, నీరు పోవుటకు కొద్దిపాటి వాలు ఉంచవలెను. పడమటి అంచున వేప, కానుగ నాటినచో నాలుగైదేండ్లలో నీడ ఏర్పడును. వేరులు కోర్టులోనికి రాకుండునంత దూరము పాటించినచో చాలును.

క్రికెట్టు సంగతి వేరుగా చెప్పవలెను. ఎంత స్థలమున్నను క్రికెట్టు ఆడువారు దానినంతయు ఆక్రమింతురు. ఆ ఆటపై మాకు ద్వేషము లేదు. కాని పదునెనిమిదేండ్ల యువకుల బంతికి ఎదురుగా ఎనిమిదేండ్ల పిల్ల ఖోఖో ఆడజాలదు. ఏ వేళ ఎవరిదో పంచాయతీ నిర్ణయించి, గోడపై వ్రాయించుట ఒక్కటే మార్గము.

పతకముల కొరకే మైదానములని మేము చెప్పము. అయినను కొన్ని పేర్లు గ్రామసభలో చెప్పదగినవి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళయైన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట. 2014 మే 25న, పదునాలుగేండ్లయినను నిండకమునుపే ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామము. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులములో చదివి, భువనగిరి గుట్టపై కొండనెక్కుట నేర్చినది. 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యము గెలిచిన దీప్తి జీవాంజి వరంగల్ ప్రాంతపు కల్లెడ గ్రామమునకు చెందినది. బుద్ధిమాంద్యము గల క్రీడాకారుల తరగతిలో ఆమె పరుగెత్తినది. అట్టి పిల్లలు ప్రతి ఊరిలోను ఒకరిద్దరుందురు. వారిని ఆటకు పిలుచువారు మాత్రము అరుదు. అయిదు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలకు దినమునకు సగటున అరువది నిమిషముల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ అరువది నిమిషములు ఏ పతకమునకును సంబంధించినవి కావు.

ధనము మాటకు వత్తము. 15వ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో అరువది శాతము త్రాగునీరు, పారిశుద్ధ్యములకు కేటాయింపబడినది. తక్కిన నలుబది శాతము స్థానిక అవసరములకు విడువబడినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద ఆటస్థలముల నిర్మాణము అనుమతింపబడిన పనులలో నుండినది. చదునుచేయుట, గుంటలు త్రవ్వుట వంటి పనులు ఆ విధముగా జరిగినవి. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున క్రొత్త చట్టమును చేసినందున, ఏ పనికి ఏ పద్దు క్రింద అనుమతి కలదో మండల పరిషత్తు కార్యాలయములో విచారించి, ఆ మీదటనే అంచనా వేయించుట మంచిది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆటస్థలమును చేర్చని యెడల ఏ అధికారియు మంజూరు చేయజాలడు. నిర్మాణమునకు ఒకసారి ధనము దొరకుట అంత కష్టము కాదు. ఏటేట ముళ్ళకంప తీయుట, మొరము పోయుట, వల మార్చుట, దీపము వెలిగించుటకు పంచాయతీ స్వంత బడ్జెటులో చిన్నదైనను ఒక పద్దు ఉండవలెను. పై నుండి ఈ పద్దుకు ఎవ్వరును పంపరు.

రాబోవు గ్రామసభకు ముందుగనే కార్యదర్శిని పోరంబోకుల పట్టిక అడుగుడు. వానలు పడి గడ్డి మొలవక మునుపే సర్వేయరుతో కలిసి ఆ స్థలములు నడచి చూడుడు. హద్దురాళ్ళు అప్పుడే కనబడును. మీతోపాటు ఊరిలోని వృద్ధు నొకరిని తీసికొనిపొండు. మందబయలు ఎంతవరకుండెడిదో పటములో చూచి చెప్పువాడు సర్వేయరు. అందులో తాను ఆడిన చోటును చూపి చెప్పగలవాడు ఆయన.