చిన్న కంప్యూటర్లు: వాటి బలం, వాటి హద్దులు

1981లో అమెరికాలో ‘ఆస్‌బోర్న్ 1’ అనే కంప్యూటర్ విపణిలోకి వచ్చింది. పెట్టెవలె మూసి వెంట తీసుకొనిపోవచ్చునన్నది దాని ప్రత్యేకత. అయితే దాని బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళాలు మాత్రమే. లోపల బ్యాటరీ లేదు. ఎక్కడికి మోసుకొనిపోయినా అక్కడ విద్యుత్తు ఉండవలసిందే. నేడు కిలోన్నర బరువు గల ల్యాప్‌టాప్ తీగ లేకుండానే గంటల తరబడి పనిచేస్తున్నది. ఈ సౌకర్యానికి చిప్పులు ఎంత కారణమో, వాటికి శక్తినిచ్చే రసాయన చర్య కూడా అంతే కారణం. ఈ యంత్రాల హద్దులు కూడా చాలావరకు ఆ చర్యలోనే ఉన్నాయి.

లోహాలన్నిటిలో తేలికైనది లిథియం. దాని పరమాణు భారం సుమారు 7. కారు బ్యాటరీలలో వాడే సీసానిది 207. లిథియం-అయాన్ బ్యాటరీలో సాధారణంగా ఒక ధ్రువం గ్రాఫైట్‌తోను, రెండవది కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్‌తోను తయారవుతాయి. రెండూ బొమ్మల కొలువు మెట్లవలె పొరలు పొరలుగా ఉంటాయి. చార్జి చేసినపుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు చేరుతాయి. వాడుకలో తిరిగి ఆక్సైడ్ పొరలలోకి వెళతాయి. అదే సమయంలో ఎలక్ట్రాన్లు బయటి వలయం గుండా ప్రవహించి కంప్యూటర్‌ను నడుపుతాయి. 1991లో సోనీ సంస్థ ఈ బ్యాటరీని విపణిలోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ రాకపోకలు శాశ్వతం కావు. ప్రతిసారీ కొద్దిపాటి లిథియం అనవసర చర్యలలో చిక్కుకొనిపోతుంది. కొన్ని వందల చార్జీల తరువాత నిలువ శక్తి స్పష్టంగా తగ్గుతుంది. వేడి ఈ క్షీణతను త్వరపరుస్తుంది. పూర్తిగా చార్జి చేసి ఎండలో, కారులో వదలివేయడం మరింత హాని. లోపలి ద్రావణం మండే స్వభావం కలది. అది విచ్ఛిన్నమై వాయువులు వెలువడితే బ్యాటరీ ఉబ్బుతుంది. అందుకే విమానయానంలో విడి బ్యాటరీలను సామానులో వేయనివ్వరు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

స్వదేశానికి వెళ్ళేటప్పుడు పాత ల్యాప్‌టాప్‌ను తల్లిదండ్రుల కోసం తీసుకొనిపోవడం ప్రవాస కుటుంబాలలో పరిపాటి. మనుమల ముఖాలు చూసుకొనడానికి అది వారికి కిటికీ వంటిది. కానీ ఆంధ్ర, తెలంగాణ వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండను ఆ ముసలి బ్యాటరీ భరించవలసి ఉంటుంది. ప్రయాణానికి ముందే దానిని పరీక్షించి, శక్తి తగ్గినచో కొత్తది అమర్చడం మంచిది. అడుగుభాగం ఉబ్బినట్లు కనిపిస్తే చార్జి చేయరాదు, గుచ్చరాదు, చెత్తలో వేయరాదు, విమానంలో తీసుకొనిపోరాదు. అటువంటివి స్వీకరించే కేంద్రానికి అప్పగించాలి. వాడకుండా దాచేటప్పుడు సగం చార్జితో చల్లని చోట ఉంచాలి.

చేతిలో ఇమిడేది చేజారడం కూడా తేలిక. కుటుంబ చిత్రాల ప్రతి మరొకచోట ఉండడం అవసరం. బ్యాటరీని మార్చుకోవచ్చును, పోయిన చిత్రాలను తిరిగి తీయలేము.