నెమళ్ల మేతకు దున్నకుండా విత్తే ముందు

గోల్నాక, తార్నాకల నుంచి పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌కు నడకకు వెళ్లేవాళ్లకు నెమళ్లు కొత్త కాదు. వాటికోసం గుప్పెడు గింజలు చల్లి పోయేవాళ్లూ ఉన్నారు. ఆ పని మానండి. చేతి మేతకు మరిగిన పక్షి రోడ్డెక్కుతుంది, కుక్కలకు చిక్కుతుంది. దానికంటే తొలకరికి, దారులకు దూరంగా, పొదల వారన నాలుగు రకాల గింజలు మొలిపించండి. అధికారుల అనుమతి మాత్రం ముందే తీసుకోండి.

నేల దున్నకండి. బండల మధ్య పలుచటి ఎర్రమట్టిని తిరగేస్తే మొదటి జోరువానకే పైమట్టి కొట్టుకుపోతుంది, అడుగునున్న కలుపు గింజలన్నీ పైకొచ్చి మొలుస్తాయి. గడ్డిని కొడవలితో కోసి అక్కడే పరవండి. మృగశిర కార్తెలో నేల తడిశాక గునపంతో చిన్న గుంటలు పొడిచి జొన్న, సజ్జ, పెసర, అలసంద వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసే రైతులు వానకు ముందే విత్తేటప్పుడు గింజలకు మట్టి, బూడిద పట్టిస్తారు. చీమలు ఎత్తుకుపోకుండా అది ఇక్కడా పనికొస్తుంది.

అసలు ప్రమాదం విత్తనాల సంచిలో ఉంటుంది. దుకాణంలో కొనే జొన్న, మొక్కజొన్న విత్తనాలకు చాలావరకు పురుగుమందో తెగులుమందో పట్టించి ఉంటుంది. గులాబీ, ఎరుపు, నీలం రంగు పొడి వేళ్లకంటుకుంటే అదే గుర్తు. దున్నని నేలలో కొన్ని గింజలు ఎటూ పైనే ఉండిపోతాయి, పక్షి ముందు వాటినే ఏరుతుంది. కడిగితే పోతుందనుకోకండి. రంగులేని నాటు విత్తనం తెచ్చుకోండి. కొన్ని గింజలను తడిగుడ్డలో కట్టి మొలక చూసుకుంటే సరిపోతుంది.

దున్నడం మానేశాం కదా అని గడ్డిమందు కొట్టకండి. పారాక్వాట్ ఒంట్లోకి వెళితే విరుగుడు మందు లేదు. నీళ్ల సీసాలో పోసి దాచిన ఇళ్లలో ప్రాణాలు పోయాయి. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022లో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. పురుగుమందూ వద్దు, నెమలి పిల్లలు మొదటి వారాల్లో బతికేది ఎక్కువగా పురుగుల మీదే. ఎండుగడ్డికి నిప్పు పెట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు, గుడ్లూ గూళ్లూ బూడిదవుతాయి.

వయ్యారిభామ కలుపును ఉత్త చేతులతో పీకకండి, దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పూతకు ముందే పీకితే సగం బాధ తీరుతుంది.

లేత జొన్నతో ఇంకో చిక్కుంది. వాన చాలక వాడిన పైరులో నాము అనే విషం ఉంటుంది, మేసిన గేదె, మేక నిమిషాల్లో కూలిపోవచ్చు. క్యాంపస్‌లో పశువులు తిరిగే పక్కన జొన్న బదులు సజ్జ, పెసర వేయండి.

పరిచిన గడ్డి కింద తేళ్లు, రక్తపింజర ఉండొచ్చు. కర్రతో కదిపి చూడకుండా చెయ్యి పెట్టొద్దు, బూట్లు లేకుండా అడుగు పెట్టొద్దు, చీకట్లో పని వద్దు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గుడ్డ బిగించి కట్టడం చేయకండి. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పామును చంపి వెంట తీసుకెళ్లనక్కర్లేదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడింటికీ ఇచ్చేది ఒకటే విరుగుడు మందు.