గాలికి తొట్టి కట్టిన దీవి

కరెంటు లైను రాని చేలో డీజిలింజనే దిక్కు. ఐదు హార్స్‌పవర్ ఇంజను గంటకు లీటరు దాకా తాగుతుంది. గాలికి ఆ ఖర్చు లేదు, కాని అది మనం పిలిచినప్పుడు రాదు. ఈ చిక్కును స్పెయిన్ దేశానికి చెందిన ఎల్ హియెరో దీవివాళ్లు ఎలా విప్పుకున్నారో చూద్దాం.

అట్లాంటిక్ సముద్రంలోని ఈ దీవి జనాభా సుమారు 11 వేలు. కరెంటు తయారీకి డీజిలంతా ఓడలో రావలసిందే. 2014లో అక్కడ 5 పెద్ద గాలిమరలు నడపడం మొదలుపెట్టారు. అన్నీ కలిపి 11.5 మెగావాట్లు. అసలు తెలివి మాత్రం చెరువుల్లో ఉంది. కొండపైన పాత అగ్నిపర్వతం గుంటలో ఒక చెరువు, కింద ఇంకొకటి. నడుమ ఎత్తు 650 మీటర్ల పైమాటే. గాలి ఎక్కువైతే మిగులు కరెంటుతో కింది నీళ్లు పైకి తోడతారు. గాలి పడిపోతే ఆ నీళ్లనే కిందికి వదిలి టర్బయిన్లు తిప్పుతారు. 2019 జూలై, ఆగస్టుల్లో 24 రోజులు వరసగా కరెంటుకు డీజిలు ముట్టలేదు. అలాగని ఇంజన్లు పీకెయ్యలేదు, గాలి లేనినాడు అవే ఆదుకుంటాయి.

మన బావి దగ్గరా లెక్క ఇదే. గాలి వేగం సగమైతే దాని బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చక్రం అడ్డుకొలత 3 మీటర్లున్న గాలిమర, గంటకు 18 కిలోమీటర్ల గాలిలో, 10 మీటర్ల లోతు నుంచి గంటకు సుమారు రెండున్నర వేల లీటర్లు తోడగలదు. గాలి మందగిస్తే ధార సన్నబడుతుంది. వరి మడికి దీన్ని నమ్ముకుంటే మునిగినట్టే. అరెకరం కూరగాయలకు, పండ్ల మొక్కలకు, పశువులకు సరిపోతుంది. లోతు బోర్లకు పనికిరాదు.

అందుకే గాలిమర కంటే ముందు తొట్టి సంగతి చూసుకోవాలి. రోజుకు పదివేల లీటర్లు వాడే రైతుకు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు తొట్టి కడితే మూడు రోజుల నీళ్లు నిలవుంటాయి. చేను కంటే ఎత్తున కడితే నీరు తానే పారుతుంది. రాత్రి వీచిన గాలీ వృథా పోదు.

ఆషాఢం గాలి చూసి మురిసిపోయి కొనొద్దు. రాయలసీమలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి జోరుగానే ఉంటుంది, మొక్కకు నీళ్లు ఎక్కువ కావలసిందేమో మార్చి, ఏప్రిల్ నెలల్లో. అప్పుడు మీ చేలో గాలి ఎలా ఉందో ఒక ఏడాది గమనించండి. చింత, వేప చెట్ల చాటున మర నిలబెట్టొద్దు. పంపులో తోలు వాషర్లు అరుగుతాయి, పైన గేర్లకు నూనె పొయ్యాలి. ఎక్కి పోసేవాళ్లు ఊళ్లో ఎవరున్నారో ముందే అడిగి పెట్టుకోండి. పాత ఇంజను మాత్రం అమ్మొద్దు.