మానిటర్ లేకుండా రాస్ప్‌బెర్రీ పై సెటప్: ల్యాప్‌టాప్ ఒక్కటి చాలు

ఆఫీసులో నేను రోజూ లాగిన్ అయ్యే సర్వర్లలో ఒక్కదాన్ని కూడా కళ్లతో చూడలేదు. అన్నీ టెర్మినల్ నుంచే. అదే పని హాస్టల్ రూమ్‌లో, చేతిలో పట్టే బోర్డు మీద నేర్చుకోవచ్చు. దీన్నే హెడ్‌లెస్ సెటప్ అంటారు. మానిటర్, కీబోర్డ్ కొనాల్సిన పనే లేదు.

ఇక్కడ ఉదాహరణగా రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ తీసుకుందాం. ర్యామ్ 512 ఎంబీనే కాబట్టి డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ దీనికి సరిగ్గా సరిపోతుంది.

ముందు ఒక మాట: పాత వీడియోల్లో యూజర్‌నేమ్ 'పై', పాస్‌వర్డ్ 'రాస్ప్‌బెర్రీ' అని చెప్తారు. అది ఇప్పుడు పనిచేయదు. భద్రత కోసం 2016 చివర్లో ఎస్ఎస్‌హెచ్‌ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారు, 2022 ఏప్రిల్‌లో ఆ డిఫాల్ట్ యూజర్‌నీ తీసేశారు. అందుకే ఈ రెండూ కార్డ్ రాసేటప్పుడే మనం సెట్ చేయాలి.

స్టెప్ 1: ల్యాప్‌టాప్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ ఇన్‌స్టాల్ చేయండి. బోర్డు, ఓఎస్ లైట్, మెమరీ కార్డ్ సెలెక్ట్ చేయండి. కార్డ్‌లో ఉన్నదంతా పోతుంది, చూసుకోండి.

స్టెప్ 2: కస్టమైజేషన్‌లో హోస్ట్‌నేమ్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై వివరాలు ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్ ఆన్ చేయండి. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ వాడితే బ్యాండ్ మార్చి, ల్యాప్‌టాప్‌ని కూడా అదే హాట్‌స్పాట్‌కి కలపండి. బ్రౌజర్‌లో లాగిన్ అడిగే కాలేజీ వైఫై దీనికి పనికిరాదు.

స్టెప్ 3: కార్డ్ పెట్టి, 'పవర్' అని రాసి ఉన్న పోర్ట్‌కే కేబుల్ ఇవ్వండి. పక్కనున్నది డేటా పోర్ట్. మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో పవర్ తీయొద్దు.

స్టెప్ 4: టెర్మినల్‌లో ఎస్ఎస్‌హెచ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, యూజర్‌నేమ్, @ గుర్తు, హోస్ట్‌నేమ్, చివర డాట్ లోకల్ టైప్ చేయండి. మొదటిసారి అడిగే ప్రశ్నకి 'యెస్' చెప్పండి. పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, కంగారు పడొద్దు.

కనెక్ట్ కాలేదా? మళ్లీ కార్డ్ రాసే ముందు ఎర్రర్ చదవండి. స్క్రీన్ లేనప్పుడు మనకున్న కళ్లు అవే.

- హోస్ట్‌నేమ్ దొరకలేదంటే: బోర్డు నెట్‌వర్క్‌లోకి రాకపోయి ఉండొచ్చు, లేదా పేరు తేడా. హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయిన డివైజ్‌ల లిస్ట్‌లో ఐపీ అడ్రస్ ఉంటే, పేరు బదులు దానితో ప్రయత్నించండి.
- 'కనెక్షన్ రిఫ్యూజ్‌డ్': ఆ అడ్రస్‌లో మెషీన్ దొరికింది, కానీ ఎస్ఎస్‌హెచ్ నడవట్లేదు.
- 'పర్మిషన్ డినైడ్': తలుపు దాకా వచ్చారు, యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు.
- గ్రీన్ లైట్ అసలు మెరవట్లేదంటే: కార్డ్, పవర్ చూడండి.

లోపలికి వెళ్లాక ముందు అప్‌డేట్ చేయండి. తర్వాత పాస్‌వర్డ్ బదులు ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకోండి. రెండో విండోలో కీతో లాగిన్ అవుతోందని చూశాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆఫ్ చేయండి. అప్పటిదాకా మొదటి విండో మూయొద్దు, మూస్తే బయటే ఉండిపోవచ్చు. రేపు ఉద్యోగంలో నిజం సర్వర్ మీద కూడా ఇదే రూల్.

పని అయ్యాక కేబుల్ లాగేయకుండా 'సుడో పవర్ఆఫ్' కొట్టండి. లేకపోతే కార్డ్‌లో డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.