ట్యాక్సిడర్మీ నేర్చుకుంటారా? నాటుకోడితో మొదలుపెట్టండి

చనిపోయిన జంతువు చర్మాన్ని పాడవకుండా కాపాడి, దానికి బతికున్నప్పటి రూపు తెప్పించే పని ట్యాక్సిడర్మీ. దీన్నొక్కదాన్నే నమ్ముకుని సికింద్రాబాద్‌లో షాపు తెరుస్తానంటే వద్దనే చెబుతాను. పులుల ట్రోఫీలకు ప్రపంచమంతా పేరున్న మైసూరు వాన్ ఇంజెన్ సంస్థే 1999లో మూతపడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు తెరపడింది, గిరాకీ పోయింది. అయితే పశువైద్యమో శిల్పకళో చదువుతూ దీన్ని రెండో విద్యగా పట్టుకున్నవారికి దారి ఉంది.

ముంబైలో డాక్టర్ సంతోష్ గైక్వాడ్ నడిచిన దారి అదే. పశువైద్య కళాశాలలో అనాటమీ పాఠాలు చెబుతూ ఈ పని సొంతంగా నేర్చుకున్నారు. 2009లో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనంలో మొదలైన ట్యాక్సిడర్మీ కేంద్రం ఆయన చేతుల మీదుగానే నడిచింది. మనకు రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మ్యూజియం కొలువులే లక్ష్యమైతే బరోడాలో మ్యూజియాలజీ పీజీ చేయొచ్చు.

ఇక పని సంగతి. మోండా మార్కెట్‌లో ఈకలతో సహా ఒక నాటుకోడిని తెచ్చుకోండి. పొట్ట మీద కోత పెట్టి, చర్మం చిరగకుండా ఒలవాలి. లోపలి కొవ్వంతా గీకేసి బోరాక్స్ పట్టించాలి. పెద్ద జంతువైతే ఉప్పు పట్టించి, తోలు ఊని, ఫోమ్‌తో చెక్కిన బొమ్మకు తొడుగుతారు. అసలు పరీక్ష కంటి దగ్గరే. గాజు కన్ను చుట్టూ మట్టి కాస్త ఎక్కువైతే జంతువు బెదిరిపోయినట్టు కనిపిస్తుంది. పెంపుడు కుక్కను చేయించుకునేవారు మొదట చూసేదీ ఆ కళ్లనే. వాళ్లు దుఃఖంలో ఉంటారు కాబట్టి, ‘అచ్చం అలాగే వస్తుంది’ అని మాటివ్వకండి.

పాత ట్రోఫీలను బాగుచేసే పనీ ఉంది. కానీ వాటికి ఒకప్పుడు ఆర్సెనిక్ పూసేవారు. గ్లవ్స్, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

చట్టం దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. రోడ్డు పక్కన చచ్చిపడిన నెమలి కూడా ప్రభుత్వ ఆస్తే. ఇంటికి తెస్తే జైలు తప్పకపోవచ్చు. కుక్కలు, పిల్లులు, కోళ్లకు ఈ చట్టం అడ్డు రాదు. వన్యప్రాణుల ట్రోఫీలతో ట్యాక్సిడర్మీ వ్యాపారానికి అటవీశాఖ లైసెన్సు తప్పనిసరి. ఎవరైనా శిక్షణ పేరుతో ఫీజు అడిగి అడవి జంతువుల మీద పని నేర్పుతామంటే, డబ్బు కట్టే ముందు ఆ అనుమతి పత్రం చూపించమని అడగండి.